చివరి రోజు పాస్‌పోర్టు ఎవరి చేతుల ఉండాలె: సింగపూర్ స్టూడెంట్ టూర్ మీద ఒక కేస్ స్టడీ

హన్మకొండ నుంచి స్టూడెంట్ గ్రూపులను ఫారిన్ తీస్కపోయే పని మాది. ఈ కేసు ఒక పాలిటెక్నిక్ సివిల్ బ్రాంచ్ గ్రూపుది, సింగపూర్, ఐదు రోజులు. కాలేజీ పేరు, పిల్లల పేర్లు రాస్తలేను, వాటితోని పని కూడా లేదు. 38 మంది పిల్లలు, ముగ్గురు లెక్చరర్లు, అందులో ఒక మేడం, మా తరఫున నేను. పిల్లలంతా పరకాల, నర్సంపేట, ములుగు, జమ్మికుంట, భూపాలపల్లి, జనగామ, కాజీపేట దిక్కు వాళ్లు, ఒకరిద్దరు తప్ప అందరికీ అదే మొదటి పాస్‌పోర్టు, అదే మొదటి ఫ్లైటు. మొదటి నాలుగు రోజులు అనుకున్నట్టే నడిచినయి కాబట్టి వాటి గురించి రాయను. ఐదో రోజు గురించే రాస్తున్న, ఎందుకంటే స్టూడెంట్ టూర్లల్ల ఏదన్న అయితే ఎక్కువగా ఆ చివరి రోజే అయితది, కానీ కాలేజీలు పంపే ప్లాన్‌లల్ల ఆ రోజుకు రాసేది ఒక్క లైను, "షాపింగ్, తర్వాత ఎయిర్‌పోర్ట్" అని.

ఆ రోజు ప్లాన్ ఇట్ల ఉండె. రాత్రి 8:20కి ఫ్లైటు, శుక్రవారం. చివరి రోజును నేను ఎప్పుడూ ఫ్లైటు టైము నుంచి ఎనక్కి లెక్కపెడత, పొద్దున్నుంచి ముందుకు కాదు. 8:20 అంటే 7:20కి చెకిన్ బంద్ అయితది, గ్రూపు కాబట్టి 5:15 కల్లా కౌంటర్ దగ్గర ఉండాలె, అంటే బస్సు షాపింగు పెట్టిన లిటిల్ ఇండియా నుంచి 4:30కి కదలాలె, అంటే 4:15కి తలకాయల లెక్క అయిపోవాలె. ఇంకో సంగతి ఏందంటే సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో 1, 2, 3 టెర్మినళ్లల్ల సెక్యూరిటీ చెకింగు మన శంషాబాద్ లెక్క ముందే అయిపోదు, గేటు దగ్గర అయితది. ఇమిగ్రేషన్ దాటినంక ఇంక పనేం లేదనుకొని పిల్లలు దుకాణాల పొంటి తిరుగుతరు, తీరా గేటు దగ్గరికి వస్తే అక్కడ మళ్ల లైను, బ్యాగుల నీళ్ల బాటిల్ ఉంటే అది పారబోయాలె. ఆ అరగంట కూడా ముందే లెక్కల వేసుకోవాలె.

పొద్దున 9 కల్లా హోటల్ ఖాళీ చేసినం. తూకం కింద లాబీలనే అయిపోయింది, నా దగ్గర కొక్కెం తక్కెడ ఉంటది, ఒక్కో బ్యాగు దానికి తగిలిచ్చి 20 కేజీలు దాటిందా లేదా చూసినం. పవర్ బ్యాంకులన్నీ పెద్ద బ్యాగులల్లకెంచి తీయించి చేతి బ్యాగులల్ల పెట్టించినం, చెకిన్ లగేజీల పవర్ బ్యాంకు పెట్టనియ్యరు. రూములు మాత్రం లెక్చరర్లే పోయి చూసిండ్రు, మంచాల కింద, బాత్రూం కొక్కాలకు, సేఫ్‌లల్ల. సేఫ్ తెరిచి ఉన్నా సరే లోపల చెయ్యి పెట్టి చూడమంట, అడుగున పరిచిన గుడ్డ కింద డాలర్లు మరిచిపోయిన పిల్లలున్నరు.

అక్కడి నుంచి మెరీనా బ్యారేజీకి పోయినం. సివిల్ పిల్లలకు ఇది చివరి రోజు పొద్దున పెట్టాలని పట్టుబట్టింది నేనే. చివరి రోజు చదువుకు సంబంధించింది ఏదీ ఎక్కదు, పిల్లల మనసు అప్పటికే ఇంటికి పోయి ఉంటదని లెక్చరర్లు అంటరు. నా అనుభవం అట్ల లేదు. నాలుగు రోజులు చూసిన దాన్ని ఒక్క దగ్గర కూసోని కలిపి మాట్లాడుకోవాలంటే చివరి పొద్దటి కంటే మంచి టైము దొరకదు, ఇంటికి పోయినంక కాలేజీల రాయించే రిపోర్టు ఒకరి దాంట్ల చూసి ఒకరు రాసుడే అయితది.

బ్యారేజీ 2008ల తెరిచిండ్రు. 350 మీటర్ల వెడల్పు కాలువ నోటికి అడ్డంగ కట్టి, తొమ్మిది గేట్లు పెట్టి, సముద్రం నీళ్లు లోపలికి రాకుండ ఆపి, లోపల తాగు నీళ్ల రిజర్వాయర్ చేసిండ్రు. దానికి నీళ్లు వచ్చే ఏరియా సుమారు 10,000 హెక్టార్లు, అంటే ఆ దేశంల ఆరో వంతు. మస్తు వాన పడి సముద్రం తక్కువున్నప్పుడు గేట్లు దించి నీళ్లు వదులుతరు, సముద్రం పోటు మీదున్నప్పుడు గేట్లు దించితే ఉల్టా ఉప్పు నీళ్లు లోపలికి వస్తయి కాబట్టి అప్పుడు ఏడు పెద్ద పంపులతోని తోడి అవతల పోస్తరు. ఇదంతా గ్యాలరీలో మోడల్ పెట్టి చూపిస్తరు. అప్పుడు ములుగు దిక్కు పిల్ల ఒకామె అన్నది, "సార్, ఇది మన మత్తడే గద, మనకాడ ఎక్కువైన నీళ్లు కింది చెరువులకు దుంకుతయి, వీళ్లకు కింద చెరువు లేదు, సముద్రమే ఉన్నది" అని. ఆ ఒక్క మాటతోని గంట సేపు నడిచింది ముచ్చట. లక్నవరం, రామప్ప, పాకాల కాకతీయులు కట్టినయని అందరికీ తెలుసు, పరీక్షల కోసం చదివిండ్రు, కానీ ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేటట్టు గొలుసు కట్టుడు ఎందుకు అవసరం వచ్చింది, సింగపూర్‌కు పంపులు ఎందుకు అవసరం వచ్చినయి అని రెండు పక్కపక్కన పెట్టి చూసింది అక్కడనే. హన్మకొండల వాన పడ్డప్పుడు ఏ కాలనీలు మునుగుతున్నయి, నాలాలు ఏడ ఆగిపోయినయి అని పిల్లలే చెప్పుకుంట పోయిండ్రు. పైన గడ్డి పరిచిన కప్పు మీద కూసోపెట్టి తలా ఒక కాగితం ఇచ్చి రాయించినం, పది లైన్లు, తెలుగుల రాసినా సరే అని. ఆ కాగితాలే తర్వాత కాలేజీకి ఇచ్చిన రిపోర్టుల ముఖ్యమైనవి అయినయి.

ఇగ షాపింగు. కొంతమంది టూర్ వాళ్లు స్టూడెంట్ గ్రూపులకు షాపింగే పెట్టరు, టైము వేస్టని. వాళ్లకు మన జిల్లాల సంగతి తెల్వదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్ పోయినోళ్లు వచ్చినప్పుడు పెట్టె ఇప్పితే వాడకట్టు మొత్తానికి టైగర్ బామో, యాక్స్ ఆయిలో, చాక్లెట్లో పంచుడు దశాబ్దాల నుంచి ఉన్నది, ఆ అలవాటు వరంగల్ దిక్కు కూడా ఉన్నది. ఆ టైగర్ బామ్, యాక్స్ ఆయిల్ రెండూ నిజానికి సింగపూర్ కంపెనీలయే. అట్లాంటిది సొంత బిడ్డ సింగపూర్ పోయి ఉత్త చేతులతోని వస్తే ఇంటోళ్లకు చిన్నతనం. ఒక పిల్ల దగ్గర నోట్‌బుక్కు పేజీ మీద పేర్లు రాసి ఉండె, మేనత్త, చిన్నమ్మ, పక్కింటి పెద్దవ్వ, ట్యూషన్ సార్, ఒక్కో పేరుకు ఎదురుంగ ఏం కొనాలె, ఎంతల కొనాలె, మొత్తం కలిపి కింద గీత గీసి 85 డాలర్లు. అది ఆమెకు ఖర్చు కాదు, బాధ్యత. షాపింగు తీసేస్తే పిల్లలు ఎట్లన్న చేసి దొంగతనంగ పోతరు, అది ఇంకా ప్రమాదం.

కాబట్టి 2:15 నుంచి 4:15 దాక లిటిల్ ఇండియాలో ఒక పెద్ద షాపుకు తీస్కపోయినం. పెద్దదంటే చానా పెద్దది, ఎన్నో అంతస్తులు, ఎన్నో ద్వారాలు, ఒక దిక్కు లోపలికి పోతే ఇంకో రోడ్డు మీద తేలుతం. అక్కడ కొన్న సామాను సంచి మూతిని ప్లాస్టిక్ టైతోని బిగించి ఇస్తరు, మళ్ల లోపల ఏం వేసుకోకుండ. ఈ టై ఈ కేసుల ముఖ్యం, గుర్తుంచుకోండ్రి.

4:15కి లెక్క పెడితే తలకాయలు 38 ఉన్నయి, పాస్‌పోర్టులు 37.

పాస్‌పోర్టులన్నీ ఒక జిప్పు పౌచ్‌ల, నంబర్లేసిన కవర్లల్ల, ఒక లెక్చరర్ సార్ దగ్గర ఉంటయి, అది మొదటి రోజు నుంచి మా పద్ధతి. మరి బయటికి ఎట్ల పోయింది అంటే, జీఎస్టీ రీఫండ్ కోసం. సింగపూర్‌ల 2024 జనవరి నుంచి జీఎస్టీ 9 శాతం, టూరిస్టులు కనీసం 100 డాలర్లయి కొంటే, 16 ఏండ్లు నిండిన వాళ్లయితే, పోయేటప్పుడు ఎయిర్‌పోర్టుల వాపస్ అడగొచ్చు. కానీ షాపుల ఆ కాగితం చేయించాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టు చూపియ్యాలె, జిరాక్స్ నడవదు. లోపల ఒక ఐదుగురు పిల్లలు సార్ దగ్గరికి పోయి అడిగిండ్రు, సార్ మంచి మనసుతోనే ఇచ్చిండు, పిల్లల డబ్బులు పిల్లలకు వస్తయి కద అని. నాలుగు తిరిగొచ్చినయి. ఐదోది రాలే.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలె. పరకాల దిక్కు ఆ పిల్లగాడు కొన్నది 120 డాలర్ల సామాను. దాంట్ల జీఎస్టీ 10 డాలర్ల లోపే, సర్వీసు ఛార్జీ పోను ఇంకా తక్కువ, మన రూపాయలల్ల ఐదారు వందలు. అది కూడా ఆయన ఒక్కనిది కాదు, 100 దాటాలని ఇద్దరు దోస్తులయి కూడా ఆయన పేరు మీదనే బిల్లు చేయించిండ్రు. వేరేవాళ్ల సామాను మన పేరు మీద వేసి టూరిస్టు రీఫండ్ అడుగుడు సరైన పని కాదు, పిల్లలకు అది తెల్వదు, తెలుపవలసింది మనం. ఆ ఐదారు వందల కోసం పాస్‌పోర్టు అంత గుంపుల పౌచ్ ఇడిచి బయటికి పోయింది.

పిల్లగాడు ఏడుపు మొకం పెట్టిండు, ప్యాంటు వెనక జేబుల పెట్టుకున్న, ఎవరో కొట్టేసిండ్రు అంటడు. జేబులు, చేతి బ్యాగు మొత్తం చూసినం, లేదు. అప్పుడు టైము 4:25. ఇట్లాంటప్పుడు అందరం కలిసి వెతుకుదామని అందరికీ అనిపిస్తది, లెక్చరర్లు కూడా అదే అన్నరు. నేను ఒప్పుకోలే. 37 మంది ఫ్లైటు ఒక్క పాస్‌పోర్టు కోసం ఆగొద్దు, ఆగితే సమస్య ఒకటి 38 అయితది. 4:30కి బస్సు కదలాల్సిందే అని చెప్పి, మేడం, ఇంకో సార్ 37 మందిని తీస్కొని ఎయిర్‌పోర్టుకు పోయిండ్రు, పౌచ్ మేడం చేతికి మారింది, నేను, పౌచ్ చూసుకునే సారు, ఆ పిల్లగాడు ఉండిపోయినం. పౌచ్ సార్‌ను ఎందుకు ఉంచుకున్న అంటే ఏ పాస్‌పోర్టు ఎప్పుడు ఇచ్చిండో తెలిసింది ఆయనకే.

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి నాకు లోపల ఉన్న అసలు భయం వేరే. పాస్‌పోర్టు దొరకకపోతే పోలీస్ రిపోర్టు తీసుకోవాలె, దాంతోని ఇండియన్ హై కమిషన్‌కు పోయి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోసం అప్లై చెయ్యాలె, అది ఒక్కసారి ఇండియాకు తిరిగి పోవడానికి మాత్రమే పనికొచ్చే కాగితం, దానికి ఫొటోలు, పాత పాస్‌పోర్టు కాపీ కావాలె. శని, ఆదివారాలు మామూలు కౌంటర్లు ఉండయి. అంటే సోమవారం దాక ఆ పిల్లగాడు, తోడుగ ఒక పెద్ద మనిషి అక్కడ ఉండాలె, వీసా గడువు చూసుకోవాలె, రూము, తిండి, కొత్త టికెట్. అందుకే ప్రతి గ్రూపుల ఒక్కో పిల్లకు నాలుగు ఫొటోలు, పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కలర్ జిరాక్సులు నా బ్యాగుల ఫైలుల ఉంటయి, ఫోన్‌ల కూడా ఉంటయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం అదే ఫైలుల. షాపుల వెతుకుతున్నప్పుడే హన్మకొండ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ పిల్లగాని కాగితాలన్నీ ఒక ఫోల్డర్ చేసి రెడీ పెట్టుమన్న. వెతుకుడు, పాస్‌పోర్టు దొరకకపోతే చేసేది, రెండూ ఒక్కసారి నడవాలె, ఒకటి అయినంక ఒకటి అంటే టైము సరిపోదు.

ఇగ వెతుకుడు. పిల్లగాడు మూడో అంతస్తు అంటడు, కాసేపటికి బట్టల కాడ అంటడు, భయంల ఏం గుర్తుంటది. నేను ఆయన్ని అడుగుడు ఆపి బిల్లులు బయటికి తీయమన్న. రెండు బిల్లులున్నయి, రీఫండ్ కాగితం టైము 3:12, దాని తర్వాత చాక్లెట్ల బిల్లు 3:31. చాక్లెట్లకు పాస్‌పోర్టు అడగరు. అంటే పాస్‌పోర్టు చివరిసారి కనబడ్డది 3:12కి రీఫండ్ కౌంటర్ దగ్గర, మిగతా అంతస్తులు తిరిగే పనే లేదు. నేరుగ ఆ కౌంటర్‌కే పోయినం. లైను పెద్దగ ఉండె, సంగతి చెప్తే ముందున్న వాళ్లు జరిగి దారి ఇచ్చిండ్రు.

కౌంటర్ మీద ఉన్నామె కాగితం చూసి వెంటనే గుర్తుపట్టింది. ముగ్గురు పిల్లలు వచ్చిండ్రు కద, ఒకడు ఫోన్ చూసుకుంట నిలబడ్డడు, నేను కాగితం మడిచి పాస్‌పోర్టుల పెట్టి, పాస్‌పోర్టు సామాను సంచిల వేసి, సంచిల ఉన్నది అని చెప్పిన అన్నది. సంచి ఎవరు పట్టుకున్నరు అని అడిగిన. కళ్లద్దాల పిల్లగాడు అన్నది. మన పిల్లగానికి కళ్లద్దాలు లేవు, ఆయన దోస్తు జమ్మికుంట పిల్లగానికి ఉన్నయి. ఆ తర్వాత వాళ్లు చాక్లెట్ల సంచితోని కలిపి పెద్ద సంచిల వేసుకుంటే మూతి బిగించి టై కట్టిండ్రు. టై ఉన్నది కాబట్టి ఎవరూ ఇప్పి చూడలే, ఎవరి చేతుల బరువుంటే వాళ్లు పట్టుకున్నరు, ఆ సంచి 4:30 బస్సుల పోయింది.

జమ్మికుంట పిల్లగాని ఫోన్‌ల అక్కడి సిమ్ లేదు, హోటల్ వైఫై మీదనే నడిపిండు అన్ని రోజులు. మేడం ఫోన్‌కు చేసిన. "మేడం, టై కట్టిన సంచులన్నీ ఒక్కొక్కటి కోయించండ్రి, ముందు కళ్లద్దాల పిల్లగానిది, బస్సు ఆపకండ్రి" అని. మేడం దగ్గర చిన్న కత్తెర ఉండె, లైనుల ఉండంగనే టక్ మన్న సప్పుడు ఇనబడ్డది. చాక్లెట్ల కింద, మడిచిన కాగితంతోని సహా ఉన్నది. టైము 5:08. మేడం ఆ పాస్‌పోర్టు నంబరు చదివి ఇనిపించింది, నేను జిరాక్సు మీద చూసుకున్న, అప్పుడే పిల్లగానికి చెప్పిన. కవర్ చూసి దొరికింది అనుకోవద్దు, నీలం అట్టలు అందరియి ఒక్క తీరే ఉంటయి.

టాక్సీల ఎయిర్‌పోర్టు చేరేసరికి 5:50, గ్రూపు అప్పటికే లైనుల ఉన్నది. రీఫండ్ మెషీన్ దగ్గరికి ఎవరూ పోలే, ఆ కాగితం నేనే తీసుకున్న, కారణం ముగ్గురికీ నిమ్మళంగ చెప్పిన.

ఈ మధ్యల ఇంటి దిక్కు ఇంకోటి నడిచింది. బస్సుల రోమింగ్ ఉన్న ఒక పిల్లగాడు వాట్సాప్ స్టేటస్ పెట్టిండు, మా వాని పాస్‌పోర్టు పోయింది అని. పది నిమిషాలల్ల పరకాల చేరింది. తల్లి ఏడుసుకుంట కాలేజీకి ఫోన్. నేను టాక్సీలకెంచి తండ్రికి చేసిన, "అన్నా, పాస్‌పోర్టు దొరికింది, మేడం చేతుల ఉన్నది, బిడ్డ నా పక్కన ఉన్నడు, మాట్లాడు" అని ఫోన్ ఇచ్చిన. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, "సార్, పోలీసోళ్లు పట్టుకున్నరట గద?" అని. స్టేటస్ పరకాల చేరేలోపల పోలీసులు కూడా కలిసిండ్రు దాంట్ల. అందుకే ఏమన్న అయితే తల్లిదండ్రుల గ్రూపుల కంటే ముందు ఆ ఇంటికి నేరుగ ఫోన్ పోవాలె, పాస్‌పోర్టు దొరికినా దొరకకున్నా. ఆ రోజు వెతుకుడు మొదలైన నిమిషంలనే ఆఫీసు నుంచి ఆ ఇంటికి ఒక ఫోన్ పోయేటట్టు ఏర్పాటు ఉండాల్సింది, కాలేజీకి, మాకు మధ్య ఆ పని ఎవరిది అని రాసుకోలే. ఇప్పుడు అగ్రిమెంటులనే రాస్తున్నం.

ఫ్లైటు టైముకే లేచింది. నాలుగున్నర గంటల దారి, మన టైము వాళ్ల కంటే రెండున్నర గంటలు ఎనక కాబట్టి శంషాబాద్‌ల దిగేసరికి రాత్రి 10:30. పాస్‌పోర్టు మీద ముద్ర లేదని కొంతమంది బాధపడ్డరు, సింగపూర్ ఇప్పుడు ముద్రలు వేస్తలేదు, మెయిల్‌కే పంపుతది, ఈ సంగతి పోకముందే చెప్తే మంచిది, చూపించుకుందామని ఆశపడి ఉంటరు.

బయటికొచ్చి బస్సెక్కేసరికి 11:45. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాక వచ్చి, అక్కడి నుంచి భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగ హన్మకొండ, తెల్లవారుజామున 3 దాటింది. చాలామంది దృష్టిల టూరు శంషాబాద్‌ల అయిపోయినట్టే, నా లెక్కల మాత్రం బిడ్డ ఇంటోళ్ల చేతికి పోయినప్పుడే. జనగామల నలుగురు, స్టేషన్ ఘన్‌పూర్‌ల ఇద్దరు, కాజీపేటల ఐదుగురు దిగేది ఉండె, ఎవరు వచ్చి తీస్కపోతరో పేరు, ఫోన్ నంబరు ముందే రాసుకున్నం, మనిషి కనబడితేనే బస్సు తలుపు తెరిచింది. భూపాలపల్లి, ములుగు పిల్లలను ఆ రాత్రి పంపలే, కాలేజీ హాస్టల్‌ల పండుకోబెట్టి పొద్దున మొదటి బస్సులకు ఎక్కించినం.

ఈ కేసు తర్వాత మా ప్లాన్‌లల్ల మార్చినయి రెండు మూడు ఉన్నయి. షాపింగు చివరి రోజు నుంచి తీసి ముందు రోజు సాయంత్రానికి పెట్టినం, అప్పుడు ఏదన్న పోయినా ఒక రాత్రి, ఒక పొద్దు చేతుల ఉంటయి, తూకం కూడా నిమ్మళంగ అయితది. రీఫండ్ కావాలనుకునే పిల్లలు ఉంటే లెక్చరర్ తన చేతుల పాస్‌పోర్టు పట్టుకొని పిల్లతోని కౌంటర్ దాక పోతడు, చూపించి మళ్ల పౌచ్‌ల వేసుకుంటడు, ఎవరి సామాను వాళ్లదే ఉండాలె, లేకుంటే లేదు. చివరి రోజు పొద్దున పౌచ్ జిప్పు వేసినంక చెకిన్ కౌంటర్ ముందట తప్ప మళ్ల తెరిచేది లేదు. చెకిన్, ఇమిగ్రేషన్ అయిపోయినంక గేటు దగ్గర బోర్డింగ్ పాసు పిల్లల దగ్గరనే ఉంటది, పాస్‌పోర్టులు ఫ్లైటు ఎక్కినంక సీట్లల్ల తిరుగుకుంట మేడం తీసుకుంటది, శంషాబాద్‌ల ఇమిగ్రేషన్ లైను మొదట్ల నంబరు పిలిచి ఇస్తది.